గుండె కొలిచారు సరే, హారం సంగతేమిటి?

గోదావరి వరదల రోజుల్లో టీవీ కింద పరుగెత్తే అక్షరాలు చదివే అలవాటున్న వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అదే మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు. 43 పెద్దది కదా, 11.75 చిన్నది కదా అని ఎవరూ పోల్చరు. ఏ గేజి దగ్గర చదివిన అంకె అన్నది తెలియకపోతే ఆ అంకెకు అర్థం లేదు. లంక గ్రామాల్లో బడికెళ్లే పిల్లలకు కూడా ఇది తెలుసు.

ఆటలాడే పిల్లల గుండె రిపోర్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం ఎక్కడో జారిపోతుంది. 2డీ ఎకో (శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్) కాగితం మీద "సెప్టమ్ 9 మి.మీ." అని ఉంటుంది (సెప్టమ్ అంటే గుండె కింది రెండు గదుల మధ్య గోడ), పక్కన "నార్మల్" అని ఉంటుంది. పెద్దవాళ్లకైతే నిజమే, 9 మిల్లీమీటర్ల గోడ మామూలే. 82 కిలోల పదహారేళ్ల వెయిట్‌లిఫ్టర్‌కీ పర్వాలేదు. అదే 130 సెంటీమీటర్ల ఎత్తు, 28 కిలోల బరువున్న పదేళ్ల పిల్లాడికైతే ఆ 9 రెండోసారి చూడాల్సిన అంకె. అంకె ఒక్కటే, గేజి వేరు. పిల్లల గుండె విషయంలో ఆ గేజి పేరు ఒంటి పరిమాణం.

అమలాపురంలో పుట్టిన సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ స్థాయి డబుల్స్ ఆటగాడయ్యాక కోనసీమలో బ్యాడ్మింటన్ రాకెట్ పట్టని వీధి కనపడటం కష్టం. కబడ్డీ ఎలాగూ ఉన్నదే. ఈత, పరుగు, వెయిట్‌లిఫ్టింగ్ అకాడమీల్లో చేరే పిల్లలకు గుండె పరీక్ష చేయించమని అడిగే తల్లిదండ్రులూ పెరుగుతున్నారు. ఆ పరీక్షలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సగం గురించే ఈ వ్యాసం.

లవానికి ఉన్న మర్యాద హారానికి లేదు

ఎకో గదిలో చేసే లెక్క చివరికి ఒక భిన్నం. పైన లవం: ఎడమ జఠరిక (ఒంటికి రక్తం తోసే కింది గది) వ్యాసం, గోడల మందం, కండరం బరువు, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బృహద్ధమని మొదట్లో దాని వెడల్పు. కింద హారం: ఆ పిల్లాడి ఒంటి పరిమాణం. లవం కోసం లక్షల ఖరీదు చేసే మెషిను, శిక్షణ ఉన్న చెయ్యి, చీకటి గది, మిల్లీమీటరులో పదో వంతు దాకా చదివే గీతలు. మరి హారం కోసం? పీఈటీ మాస్టారు కిందటేడు టోర్నమెంటు ఫారం మీద రాసిన ఎత్తూ బరువూ. అదీ లేకపోతే వాళ్లమ్మ "యాభై ఉంటాడేమోనండీ" అన్న మాట.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చూద్దాం. ఒక కుర్రాడి ఎత్తు 170 సెం.మీ., అసలు బరువు 60 కిలోలు, ఫారం మీద ఉన్నది 52. ఒంటి పరిమాణానికి వాడే కొలత శరీర ఉపరితల వైశాల్యం, అంటే చర్మం మొత్తం విస్తీర్ణం. అసలు బరువుతో అతనిది 1.68 చదరపు మీటర్లు. ఫారం బరువుతో 1.57. అంటే హారం 7 శాతం చిక్కింది. అంత ఒంటికి ఎడమ జఠరిక సగటున 50 మి.మీ. ఉండాలనీ, అటూ ఇటూ మామూలు తేడా, అంటే ఒక ప్రామాణిక విచలనం, 4 మి.మీ. అనీ అనుకుందాం. కొలిస్తే 57 వచ్చింది. అసలు బరువుతో చూస్తే అది సగటు కన్నా 1.75 విచలనాలు ఎక్కువ. దీన్నే జెడ్ స్కోరు అంటారు, 2 దాటితే ఆగి చూస్తారు. తప్పు బరువుతో చూస్తే సగటు 48 దగ్గరికి దిగుతుంది, జెడ్ స్కోరు 2.3 దాకా పోతుంది. గుండె మారలేదు, కొలిచిన చెయ్యి మారలేదు. కుర్రాడు మాత్రం "మామూలు" నుంచి "ఆట ఆపి కాకినాడో విశాఖో వెళ్లి చూపించుకో"కి మారిపోయాడు.

ఇదే తప్పు తలకిందులుగా కూడా జరుగుతుంది. బరువు ఎక్కువ రాస్తే నిజంగా సాగిన గుండె మామూలు గుండెలా కనపడుతుంది. ప్రమాదం అందులోనే ఎక్కువ, ఎందుకంటే ఆ రిపోర్టు చూసి ఎవరికీ అనుమానం రాదు.

కాటా, టేపు, రెండు జడలు

బరువు సంగతి ముందు. గుండె పరీక్ష శిబిరాల్లో వెయింగ్ మెషినును తెచ్చి మైదానం గట్టున, ఇసక మీదో పరిచిన టార్పాలిన్ మీదో పెట్టేస్తారు. కింద నేల మెత్తగా ఉంటే మెషిను కాళ్లు దిగబడి అంకె తప్పుతుంది. వరండాలో గచ్చు నేల మీద పెట్టండి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చేత్తో కదిపి చూడండి. మొదలుపెట్టే ముందు తెలిసిన బరువు ఒకటి ఎక్కించి చూడాలి. లిఫ్టింగ్ గదిలోని 20 కిలోల ప్లేటు ఉంటే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే ఊళ్లో దొరికే 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను కూడా పనికొస్తుంది: ఖాళీది ఒకసారి, నింపింది ఒకసారి తూచితే తేడా ఇరవై కిలోల దగ్గర్లో రావాలి. టిన్ను అంచు దాకా నింపారో లేదో తెలియదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా మూడు కిలోల తప్పు చూపే మెషినును పట్టించడానికి అది చాలు.

బూట్లు, ట్రాక్‌సూట్, జేబులో ఫోను, మోకాలికి కట్టుకున్న ప్యాడ్లు అన్నీ తీయించాలి. ప్రాక్టీసు తర్వాత తూచకూడదు. ఏప్రిల్, మే నెలల్లో డెల్టా ఉక్కపోతలో రెండు గంటలు ఆడిన పిల్లాడు చెమట రూపంలోనే కిలో పైచిలుకు పోగొట్టుకుంటాడు. పొద్దున్నే, మూత్రవిసర్జన అయ్యాక, టిఫిను తినకముందు తూచడం మేలు. అలా కుదరకపోతే కనీసం ఏ వేళ తూచారో రాయాలి.

బరువు తరగతులున్న ఆటల్లో ఇంకో చిక్కుంది. జూనియర్ కబడ్డీ జట్లకు బరువు పరిమితి ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్, కుస్తీ, బాక్సింగ్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పిల్లల్ని అడిగితే తమ బరువు చెప్పరు, తమ తరగతి చెబుతారు. పోటీ ముందు నీళ్లు మానేసి, అన్నం తగ్గించి ఎండిన ఒంటితో వచ్చే వాళ్లూ ఉంటారు. అప్పుడు తప్పు హారంతో ఆగదు. ఒంట్లో నీరు తగ్గితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి జఠరిక వ్యాసం కుంచించుకుంటుంది, గోడలు కాస్త మందంగా కనిపిస్తాయి. లవం, హారం రెండూ చెడతాయి. బరువు తగ్గించుకునే రోజుల్లో ఎకో తీయకపోవడమే మంచిది. పోటీ అయ్యాక మామూలుగా తిని తాగే వారంలో రమ్మనండి.

ఎత్తులో తప్పులు ఎక్కువగా గోడ దగ్గరే పుడతాయి. గోడకు టేపు అతికిస్తారు. గోడ అడుగున టైల్స్ స్కర్టింగ్ ఉంటుంది. మడమ దానికి తగిలి ముందుకు జరుగుతుంది, వీపు గోడకు ఆనదు, పిల్లాడు కాస్త వంగి నిలబడతాడు. స్కర్టింగ్ లేని గోడో, తలుపు చట్రమో వెతుక్కోవాలి. మడమలు, పిరుదులు, భుజపుటెముకలు గోడకు తగలాలి. చూపు నేరుగా ఉండాలి: కంటిగూడు కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీత మీద ఉన్నాయో లేదో పక్కనుంచి చూడాలి. ఊపిరి నిండా పీల్చి నిలబెట్టమని చెప్పి, తల మీద మూలమట్టం లాంటి చదునైన చెక్కను గోడకు ఆనించి దించాలి. చేత్తో పట్టుకున్న స్కేలు వాలిపోతుంది, దాన్ని నమ్మకండి. రెండుసార్లు కొలవాలి. అర సెంటీమీటరు కన్నా తేడా వస్తే మూడోసారి కొలిచి మధ్య అంకె తీసుకోవాలి.

ఆడపిల్లల దగ్గర ఇంకో జాగ్రత్త. ఆట కోసం రెండు జడలూ పైకి మడిచి నెత్తిన కట్టేసుకుంటారు. ఆ ముడి మీద చెక్క ఆనితే రెండు మూడు సెంటీమీటర్లు ఉత్తినే కలిసిపోతాయి. జడలు కిందికి దించి, క్లిప్పులు తీయించి కొలవాలి.

అన్నింటికన్నా పెద్ద తప్పు అడుగులు-అంగుళాల దగ్గర జరుగుతుంది. మనవాళ్లు ఎత్తును సెంటీమీటర్లలో చెప్పరు. "ఐదు పది" అంటారు, అంటే ఐదడుగుల పది అంగుళాలు, 177.8 సెం.మీ. రాసేవాడు 5.10 అని రాస్తాడు. కంప్యూటర్లో ఎక్కించేవాడు దాన్ని 5.1 అడుగులుగా తీసుకుని 30.48తో గుణిస్తే 155.4 సెం.మీ. వస్తుంది. ఒక్క చుక్కతో 22 సెంటీమీటర్లు మాయం. 58 కిలోల కుర్రాడికి ఈ ఒక్క తప్పు వల్ల ఉపరితల వైశాల్యం 1.69 నుంచి 1.58కి పడిపోతుంది. శిబిరం ఫారం మీద అడుగుల గడి అసలు ఉండకూడదు. సెంటీమీటర్ల గడి ఒక్కటే ఉంచితే రాసేవాడు కొలవక తప్పదు.

ఫార్ములా తగువు

ఎత్తూ బరువూ సరిగ్గా వచ్చాక వాటిని ఉపరితల వైశాల్యంగా మార్చాలి. ఎవరి చర్మాన్నీ పరిచి కొలవలేం కాబట్టి ఫార్ములాలు వచ్చాయి. అందరికీ తెలిసినది 1916 నాటి డూబాయ్ సూత్రం. డెలాఫీల్డ్ డూబాయ్, యూజీన్ డూబాయ్ అనే ఇద్దరు మనుషుల ఒంటి మీద కాగితపు అచ్చులు పోసి, వాటిని కత్తిరించి పరిచి కొలిచారు. అలా కొలిచింది 9 మందిని. వందేళ్లు దాటినా ఎన్నో మెషిన్లలో ఇంకా ఆ తొమ్మిది మంది లెక్కే నడుస్తోంది. 1978లో హేకాక్ బృందం నెలలు నిండని పసిగుడ్డుల నుంచి పెద్దల దాకా 81 మందిని కొలిచి వేరే సూత్రం ఇచ్చింది. 1987లో మోస్టెల్లర్ ఒక చిన్న ఉత్తరంలో అందరికీ గుర్తుండే రూపం రాశాడు: ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయండి. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే పది సెకన్ల పని.

ఈ మూడూ ఎంత తేడా చూపిస్తాయో మూడు ఒళ్ల మీద చూద్దాం. 150 సెం.మీ., 40 కిలోల అమ్మాయికి డూబాయ్ 1.30, మోస్టెల్లర్ 1.29, హేకాక్ 1.29. తేడా లేనట్టే. 168 సెం.మీ., 82 కిలోల లిఫ్టర్‌కి డూబాయ్ 1.92, మోస్టెల్లర్ 1.96, హేకాక్ 1.98. 178 సెం.మీ., 58 కిలోల సన్నటి పొడగరి పరుగువీరుడికి డూబాయ్ 1.73, మోస్టెల్లర్ 1.69, హేకాక్ 1.68. మామూలు ఒంటికి మూడూ ఒక మాటే చెబుతాయి. బలిసిన ఒంటికి డూబాయ్ తక్కువ చూపిస్తుంది, బక్క పొడగరికి ఎక్కువ చూపిస్తుంది. అంటే ఫార్ములాలు సరిగ్గా క్రీడాకారుల దగ్గరే విడిపోతాయి, ఎందుకంటే ఆటలు ఏరుకునేది మామూలు ఒళ్లను కాదు.

అయినా ఆ తేడా మూడు శాతమే. కాటా తప్పూ అంగుళాల తప్పూ తెచ్చే తేడా దానికి రెట్టింపు. ఫార్ములా మీద గంటసేపు వాదించి, బరువు మాత్రం ఫారం మీదిది తీసుకునే వాళ్లను చూస్తే ఇల్లు కాలుతుంటే పందిరి రాటకు రంగేసినట్టుంటుంది. ఫార్ములా విషయంలో చేయాల్సింది ఒక్కటే: జెడ్ స్కోరు పట్టికను (ఏ ఒంటికి ఎంత గుండె మామూలో చెప్పే పట్టికను) తయారుచేసిన వాళ్లు ఏ సూత్రం వాడారో మీరూ అదే వాడాలి. పిల్లల ఎకోకు 2010లో అమెరికన్ ఎకో సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాలు హేకాక్ వైపు మొగ్గాయి. 2017లో పీడియాట్రిక్ హార్ట్ నెట్‌వర్క్ ప్రచురించిన జెడ్ పట్టికలకు కూడా హేకాకే ఆధారం. మెషిన్లో డూబాయ్ లెక్క నడుస్తుంటే, పట్టిక హేకాక్‌దైతే, కిలోల కాటా మీద తూచి మణుగుల్లో ధర కట్టినట్టే. మెషిను సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్కసారి మార్చుకుంటే సరిపోతుంది. అలాగే కొత్త పేరు ఎక్కించేటప్పుడు ముందు పిల్లాడి ఎత్తూ బరువూ ఆ గడుల్లో మిగిలిపోలేదు కదా అని కూడా చూసుకోవాలి. వరసగా నలభై మందిని చూసే రోజున ఇది జరగడం చాలా తేలిక.

దేన్ని దేంతో భాగిస్తున్నాం?

ఇది అసలు మెలిక, కాస్త నిదానంగా చూడాలి. హారం దొరికింది కదా అని జఠరిక వ్యాసాన్ని నేరుగా ఉపరితల వైశాల్యంతో భాగించి, "చదరపు మీటరుకు ఇన్ని మి.మీ." అని రాస్తుంటారు. పొడవును వైశాల్యంతో భాగించడం అది. పొలం గట్టు పొడవును ఎకరాలతో భాగించినట్టు. పొలం నాలుగింతలైతే గట్టు రెండింతలే అవుతుంది, నాలుగింతలు కాదు.

మన ఇద్దరు పిల్లల్నే తీసుకుందాం. 28 కిలోల పిల్లాడి వైశాల్యం సుమారు 1.0. 82 కిలోల లిఫ్టర్‌ది 1.96. చిన్నవాడి జఠరిక 39 మి.మీ. అనుకుందాం. ఇద్దరి గుండెలూ తమ ఒంటికి సరిగ్గా ఒకే నిష్పత్తిలో ఉంటే పెద్దవాడిది 1.96 రెట్లు ఉండదు, దాని వర్గమూలం 1.4 రెట్లు ఉంటుంది. అంటే 54.6 మి.మీ. ఇప్పుడు నేరుగా భాగిస్తే చిన్నవాడికి 39, పెద్దవాడికి 28 వస్తుంది. ఒంటికి తగ్గ గుండే ఇద్దరిదీ, కానీ లెక్కలో చిన్నవాడికి పెద్ద గుండె, పెద్దవాడికి చిన్న గుండె. వైశాల్యపు వర్గమూలంతో భాగించి చూడండి: 39ని 1తో, 54.6ని 1.4తో. ఇద్దరికీ 39.

కాబట్టి పొడవులకు వైశాల్యపు వర్గమూలం, వైశాల్యాలకు వైశాల్యమే, ఘనపరిమాణాలకు దాదాపు ఒకటిన్నర ఘాతం. కొలిచి చూసిన పట్టికల్లో ఈ ఘాతాలు కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ దారి ఇదే. ఒకటితో ఒకటి నేరుగా భాగించే అలవాటు తప్పు అని, పిల్లల పెరుగుదల నిపుణుడు టానర్ 1949లోనే హెచ్చరించాడు. మంచి జెడ్ స్కోరు పట్టిక వాడితే ఈ ఘాతాల గొడవ అది లోపలే చూసుకుంటుంది. అందుకే పిల్లల రిపోర్టులో "చదరపు మీటరుకు" అంకె కన్నా జెడ్ స్కోరే అడగాలి.

కండరం బరువు లెక్కలో లవమే కొంప ముంచుతుంది, ఎందుకంటే అక్కడ ఘనాలు ఉంటాయి. సెప్టమ్ 9, వెనక గోడ 9, వ్యాసం 48 మి.మీ. ఉంటే వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం కండరం 148 గ్రాములు. రెండు గోడలూ ఒక్కొక్క మిల్లీమీటరు ఎక్కువ చదివితే 170. అంటే ఒక్క మిల్లీమీటరుకు 15 శాతం. సెప్టమ్ కుడి వైపున ఆనుకుని పోయే మోడరేటర్ బ్యాండ్ అనే కండరపు పట్టీనో, కండరపు పోగులనో గోడలో కలిపేసి చదవడం ఈ తప్పుకి మామూలు కారణం. పొడవు అక్షంలో కనిపించిన మందాన్ని అడ్డకోతలో కూడా చూసి నిర్ధారించుకోవాలి.

తేమ ఎంత?

ధాన్యం అమ్మిన రైతుకు బస్తా తూకం ఒక్కటే సరిపోదని తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పెడతారు, 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. కాటా మీద రెండు బస్తాలు సమానంగా తూగినా లోపల గింజ సమానం కాదు.

ఒంటి విషయంలో కూడా కాటాకు తెలియనిది ఒకటుంది. గుండె కండరం బరువు అన్నిటికన్నా దగ్గరగా అనుసరించేది కొవ్వు తీసేసిన బరువును. ఉపరితల వైశాల్యానికి కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. 168 సెం.మీ., 82 కిలోల కుర్రాళ్లు ఇద్దరిని తీసుకోండి. ఇద్దరి వైశాల్యమూ 1.96. ఒకడు మూడేళ్లుగా బరువులెత్తుతున్నవాడు. ఇంకొకడు ఒళ్లు తగ్గుతుందని నెల క్రితం అకాడమీలో చేర్పించినవాడు. చర్మపు మడతలు కాలిపర్‌తో కొలిస్తే మొదటివాడికి జబ్బ వెనక 9, పిక్క మీద 8 మి.మీ. రెండోవాడికి 22, 20. స్లాటర్ బృందం 1988లో పిల్లల కోసం ఇచ్చిన సూత్రంలో మగపిల్లలకు ఆ రెండిటి మొత్తాన్ని 0.735తో గుణించి 1 కలపాలి. ఆడపిల్లలకైతే 0.610తో గుణించి 5.1 కలపాలి. ఆ లెక్కన మొదటివాడికి కొవ్వు 13.5 శాతం, రెండోవాడికి దాదాపు 32. కొవ్వు తీసేస్తే మొదటివాడు 71 కిలోలు, రెండోవాడు 56. ఇద్దరి గుండె కండరమూ 148 గ్రాములే వచ్చిందనుకోండి. వైశాల్యంతో చూస్తే ఇద్దరికీ చదరపు మీటరుకు దాదాపు 76 గ్రాములు, ఇద్దరూ సమానం. కండతో చూస్తే కిలోకు 2.1 గ్రాములు ఒకరికి, 2.6 మరొకరికి. రెండోవాడి బీపీ చూశారా అని అడగాల్సింది ఇక్కడే.

లావుగా ఉన్న పిల్లల్లో కొవ్వు హారాన్ని పెంచేసి నిజమైన గోడ మందాన్ని దాచిపెడుతుంది. బక్కపిల్లల్లో అది తిరగబడుతుంది: హారం చిన్నదై మామూలు గుండె కూడా పెద్దదిగా కనపడుతుంది. ఇంటి దగ్గర సరైన తిండి లేక బక్కచిక్కిన పరుగు పిల్లలకు మన ప్రాంతంలో కొదవ లేదు. వాళ్ల జెడ్ స్కోరు 2 దాటగానే జబ్బు ముద్ర వేసేముందు ఎత్తును ఆధారంగా తీసుకుని కూడా ఒకసారి చూడాలి. కండరం బరువును మీటర్లలో ఎత్తు 2.7 ఘాతంతో భాగించే పద్ధతి 1992 నుంచి ఉంది. అది కొవ్వు ప్రభావాన్ని చాలావరకు పక్కన పెడుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో దాని మామూలు హద్దులు వయసుతో మారుతాయి కాబట్టి పెద్దల హద్దులు పెట్టి చూడకూడదు.

భారతీయుల్లో ఒకే బీఎంఐకి కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. స్లాటర్ సూత్రం అమెరికా పిల్లల మీద కట్టినది. అందుకని శాతాన్ని అక్షరసత్యంగా తీసుకోకుండా, ఇద్దరు పిల్లల మధ్యో, ఒకే పిల్లాడి రెండు సందర్శనల మధ్యో పోలికకు వాడుకోవాలి. కాళ్ల కింద ప్లేటు పెట్టి కొవ్వు చెప్పే ఎలక్ట్రానిక్ మెషిన్లు ఒంట్లో నీటిని బట్టి మాట మారుస్తాయి, ప్రాక్టీసు అయిన పిల్లాడి దగ్గర వాటిని నమ్మలేం. చేయో కాలో కోల్పోయిన పారా క్రీడాకారులకు ఎత్తు-బరువు సూత్రాలేవీ సరిగ్గా అతకవు, అక్కడ కండ లెక్కే దిక్కు.

వయసు, పొడగరులు

అమ్మాయిలు సగటున పన్నెండేళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు పద్నాలుగు ప్రాంతంలో వేగంగా ఎదుగుతారు. అండర్-14 జట్టులో ఒకడికి మీసం మొలిచి ఉంటుంది, పక్కవాడి గొంతు ఇంకా పిల్లగొంతే. బడిలో వేసిన పుట్టినతేదీ ఎంత నిజమో ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి తేదీ కన్నా ఎదుగుదల దశను చూసి రాయడం మేలు.

బృహద్ధమని దగ్గర పద్ధతుల కలగాపులగం ఎక్కువ. పెద్దల ఎకోలో దాని వెడల్పును గుండె వదులైనప్పుడు, ముందు అంచు నుంచి ముందు అంచు దాకా చదువుతారు. పిల్లల పట్టికలు గుండె ముడుచుకున్నప్పుడు, లోపలి అంచు నుంచి లోపలి అంచు దాకా చదివిన కొలతల మీద కట్టినవి. పెద్దల పద్ధతిలో కొలిచి పిల్లల పట్టికలో వెతికితే జెడ్ స్కోరు తప్పుతుంది. బాస్కెట్‌బాల్, వాలీబాల్ పొడగరుల్లో ఇంకో సంగతి: ఒళ్లు పెరిగినంత కాలం ధమని పెరుగుతూ పోదు. 2016లో ప్రచురించిన 526 మంది ఎన్‌బీఏ ఆటగాళ్ల అధ్యయనంలో ఒంటి పరిమాణపు పైకొసల దగ్గర దాని వెడల్పు ఒక మట్టానికి వచ్చి ఆగిపోయింది. "పొడగరి కదా, ధమని వెడల్పుగానే ఉంటుందిలే" అని సర్దుకోవడం అందుకే కుదరదు. పొడవాటి వేళ్లు, ఎత్తును మించిన చేతుల చాపు ఉంటే మార్ఫన్ (ధమని గోడను బలహీనపరిచే, పుట్టుకతో వచ్చే జబ్బు) గురించి ఆలోచించాలి. చేతుల చాపును ఎత్తుతో భాగిస్తే 1.05 దాటిందా అన్నది టేపుతోనే తేలుతుంది.

హారం అక్కర్లేని ఆనవాళ్లు

ఒంటి పరిమాణం మీద అనుమానం ఉన్నప్పుడు దానితో పనిలేని కొలతలు ఆదుకుంటాయి. వెనక గోడ మందాన్ని రెండింతలు చేసి జఠరిక వ్యాసంతో భాగిస్తే వచ్చేది సాపేక్ష గోడ మందం. మన లెక్కలో 18ని 48తో భాగిస్తే 0.375. ఇది 0.42 దాటితే గోడ లోపలి ఖాళీకి మించి మందమైందని అర్థం. హారమూ గుండెలోదే కాబట్టి కాటా తప్పు ఇక్కడ చొరబడదు. సాధన వల్ల పెరిగిన గుండెలో సాధారణంగా ఖాళీ కూడా పెరుగుతుంది, వదులయ్యే గుణం చక్కగా ఉంటుంది. గోడ మందమై ఖాళీ చిన్నదిగా ఉంటే, ఈసీజీలో టీ తరంగాలు తలకిందులైతే, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే ఒంటి లెక్కతో సర్దిచెప్పకూడదు. బ్రిటన్‌లో 720 మంది మేటి కుర్ర క్రీడాకారులను చూసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో గోడ 12 మి.మీ. దాటింది ముగ్గురికే. అంటే సాధన ఒక్కటే అంత దూరం తీసుకెళ్లడం అరుదు. 2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు పిల్లల్లో హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిని (గుండె గోడ అసాధారణంగా మందమయ్యే జబ్బును) అనుమానించడానికి గోడ జెడ్ స్కోరు 2.5 దాటాలంటాయి. కుటుంబంలో ఆ జబ్బుంటే 2 దాటితే చాలు. ఈ 2కీ 2.5కీ మధ్య ఉన్న సందు ఎంత చిన్నదో, పైన చెప్పిన 8 కిలోల తప్పు అందులోంచి ఎంత తేలిగ్గా దూరి వెళ్లిపోతుందో చూడండి.

రిపోర్టు మీద ఉండాల్సిన మాటలు ఎక్కువేం కావు. ఎత్తు, బరువు, వాటిని ఆ రోజే కొలిచారా, ఎన్ని గంటలకు. ఏ ఫార్ములా. ఏ జెడ్ పట్టిక. ఏ ఆట, వారానికి ఎన్ని గంటలు. మళ్లీ వచ్చినప్పుడు వీటన్నిటినీ కొత్తగా కొలవాలి. 150 సెం.మీ., 40 కిలోలతో 44 మి.మీ. జఠరిక ఉన్న కుర్రాడు రెండేళ్ల తర్వాత 49 మి.మీ.తో వస్తే పాత ఫారం పక్కన పెట్టుకున్నవాళ్లకు అది ఐదు మిల్లీమీటర్ల వాపు. కాటా ఎక్కిస్తే తెలుస్తుంది, వాడిప్పుడు 168 సెం.మీ., 56 కిలోలు. ఉపరితల వైశాల్యం 1.29 నుంచి 1.62కి పెరిగింది. ఆ ఒంటికి 44 ఎంత కావాలో లెక్కేస్తే 49 వస్తుంది.